రిమోట్ పట్టుకున్న తాతయ్యలు, ఆముదం వాసన, ఇంకా మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో మోడల్ విమానాల మీట్‌ల గురించి, అంటే చిన్న విమానాలు చేసుకున్నవాళ్లంతా ఒకచోట చేరి ఎగరేసుకునే రోజుల గురించి, ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే సగం మంది "బొమ్మ విమానాలకి రోజంతా ఎందుకండీ?" అని, మిగతా సగం "మా ఊళ్లో ఎక్కడ జరుగుతుంది?" అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి గాల్లో ఎగిరేవాటి గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. బాబుకి తొమ్మిదేళ్లు, విమానాలంటే పిచ్చి. ఓల్డ్ వార్డెన్‌లో మోడల్ విమానాల వారాంతం ఉందని తెలిసి వెళ్దామంటే మా ఆయన "బొమ్మల కోసం శనివారం తగలేస్తావా, పెద్ద ఎయిర్‌షో ఉన్నప్పుడే వెళ్దాం" అంటున్నారు. ఏది మంచిది? వెళ్తే ఏం చూడాలి, ఏం పట్టుకెళ్లాలి?
— ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

రెండూ చూడండి, కానీ తొమ్మిదేళ్ల పిల్లాడితో అయితే ముందు మోడల్ మీట్‌కే వెళ్లండి. మీ ఆయన ఏమీ అనుకోనంటే ఒక మాట. పెద్ద ఎయిర్‌షోలో విమానం ఎక్కడో ఉంటుంది, మనం ఎక్కడో ఉంటాం, మధ్యలో తాడు, ఆ తాడు దగ్గర మనకంటే పొడుగాటి వాళ్ల తలకాయలు. మైకులో ఎవరో ఏదో చెప్తుంటే మెడ పట్టేసేదాకా పైకి చూసి ఇంటికొస్తాం. మోడల్ మీట్‌లో విమానం గడ్డి మీద, మీవాడి మోకాళ్ల దగ్గర ఉంటుంది. రెక్క వెనకాల ఆ చిన్న పలక ఎందుకు లేస్తుందో, లేస్తే విమానం ఎటు ఒరుగుతుందో అక్కడే తెలిసిపోతుంది. దాన్ని లేపే మనిషి పక్కనే మడత కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాడు, అడిగితే చెప్తాడు. అడగకపోయినా చెప్తాడనుకోండి.

ఓల్డ్ వార్డెన్ అంటే బెడ్‌ఫర్డ్‌షైర్‌లో బిగుల్స్‌వేడ్ దగ్గర ఒక గడ్డి రన్‌వే. రిచర్డ్ షటిల్‌వర్త్ అనే ఆసామి పాత కార్లూ పాత విమానాలూ పోగేసి బాగుచేయించుకునేవాడు. యుద్ధంలో వాయుసేనలో చేరి 1940లో శిక్షణలో ఉండగానే విమానం కూలి పోయాడు, అప్పటికి 31 ఏళ్లు. తల్లి డొరతీ 1944లో కొడుకు జ్ఞాపకంగా ట్రస్టు పెట్టారు, ఆ సేకరణే ఇప్పుడు మ్యూజియం. 1909 నాటి బ్లేరియో అనే విమానం అక్కడే ఉంది. ఇంకా గాల్లోకి లేవగలిగిన విమానాల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదేనని చెప్తారు. ఎయిర్‌షో రోజుల్లో కూడా గాలి పూర్తిగా పడిపోయిన సాయంత్రమైతేనే దాన్ని బయటికి తీస్తారు, తీసినా రన్‌వే మీద కాస్త లేచి దిగడమే. మోడల్ వారాంతాల్లో పెద్ద విమానాలు ఎగురుతాయన్న గ్యారంటీ ఏమీ లేదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. కానీ హ్యాంగర్‌లో అసలు విమానం చూసి, బయటికొచ్చి దాని చిన్న రూపం ఎగరడం చూడటం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? మోడల్ తయారుచేసే వాళ్లు టేపు పట్టుకుని ఆ హ్యాంగర్లలో ఊరికే తిరగరు.

పొద్దున్నే వెళ్లండి, పదకొండింటికి తీరిగ్గా బయల్దేరితే సగం పోయినట్టే. గాలి లేవకముందు రబ్బరుతో ఎగిరేవి వదులుతారు, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. వీటికి రిమోట్ ఉండదు, బ్యాటరీ ఉండదు. ఒకళ్లు మోడల్‌ని కదలకుండా పట్టుకుంటే ఇంకొకాయన ముక్కు దగ్గర ప్రొపెల్లర్ ఊడదీసి, లోపలున్న రబ్బరు పోగుని బయటికి లాగుతూ వెనక్కి నడుస్తాడు. మామూలు పొడవుకి నాలుగైదు రెట్లు సాగాక చేతి డ్రిల్లులాంటి దాంతో తిప్పడం మొదలుపెట్టి, తిప్పుతూ తిప్పుతూ అడుగులో అడుగేసుకుంటూ ముందుకొస్తాడు. వందల చుట్లు. రబ్బరు మీద ముందు ఒక వరస ముడులు పడతాయి, తర్వాత ఆ ముడుల మీదే ఇంకో వరస లేస్తుంది, తిప్పేవాడి పెదాలు కదులుతుంటాయి, అది చుట్ల లెక్క. ఆ రెండు నిమిషాలు మాత్రం మీవాణ్ణి పలకరించనివ్వకండి. చుట్లు ఎక్కువై రబ్బరు తెగిందంటే లోపల బాల్సా అనే తేలిక కర్ర పుల్లలూ పైన టిష్యూ కాగితమూ తుక్కుతుక్కు అవుతాయి, చలికాలమంతా చేసిన పని.

తర్వాత చేతిలోంచి వదిలేస్తాడు, ఇక అది ఎటుపోతే అటు. లేచే వేడిగాలి తగిలిందంటే మోడల్ కిందికి రాకుండా పైపైకి పోయి ఇంకో ఊళ్లో దిగుతుంది. అలా పోకుండా లోపల చిన్న టైమర్ పెడతారు. వేళ కాగానే తోక పలక టప్పున పైకి లేస్తుంది, విమానం బల్లపరుపుగా మెల్లగా కిందికి దిగుతుంది. పూర్వం టైమర్ బదులు నిప్పు రాజుకునే వత్తి పెట్టేవాళ్లు, అది కాలుతూ వచ్చి రబ్బరుబ్యాండుని తెంపేది. మీ ఆయనకి ఇది కూడా చెప్పండి: 1871లో అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి కుర్రాడు పారిస్ తోటలో ఇలాంటి రబ్బరు విమానాన్నే 11 సెకన్లు ఎగరేశాడు. ఆయన పద్ధతిలో చేసిన ఎగిరే బొమ్మనే 1878లో ఒక తండ్రి అమెరికాలో కొడుకులిద్దరికీ తెచ్చిచ్చాడు, ఆ కొడుకులు రైట్ సోదరులు. బొమ్మలంటే మరీ అంత చులకన అక్కర్లేదు.

ఇంకో మూల గుండ్రంగా గీసిన సున్నం గీత కనిపిస్తే అక్కడ ఆగండి. మధ్యలో నిలబడ్డ మనిషి చేతిలో పిడి, పిడికి రెండు సన్నని తీగలు, 60 అడుగుల దూరంలో తీగల చివర విమానం. మణికట్టు వంచితే పైకి, దించితే కిందికి, మనిషి మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉండాలి. దిగాక ఆయన రెండడుగులు తూలుతాడు, పిల్లలకి అదో సరదా.

వాసన గురించి చెప్పకపోతే ఈ జవాబుకి అర్థం లేదు. ఇప్పుడు ఎక్కువగా బ్యాటరీ మోటార్లే, కానీ పాత ఇంజన్లు వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటి ఇంధనంలో మిథనాల్‌తో పాటు ఆముదం కలుపుతారు. అవును, మన ఆముదమే, పాలమూరు, నల్గొండ మెట్టచేలల్లో పండేదే. అసలు మొదటి ప్రపంచయుద్ధం నాటి రోటరీ ఇంజన్లకి కూడా కందెన ఆముదమే, ఇంజన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతూ ఆ నూనెని కాల్చీ కాల్చకుండా వెనక్కి చిమ్మేది. ఓల్డ్ వార్డెన్‌లోని ఆవ్రో 504 లాంటి ఆ కాలపు విమానాల దగ్గర ఆ వాసనే వస్తుంది. వెనక కూర్చున్న పైలట్లు రోజంతా అది పీల్చీ మింగీ కడుపు పట్టు తప్పేదని చెప్పుకుంటారు. చిన్నప్పుడు నెలకోసారి ఆముదం తాగిన మన తరానికి అది నమ్మడం పెద్ద కష్టం కాదు.

పట్టుకెళ్లాల్సినవి: మడత కుర్చీలు, వానకోటు, తడి గడ్డికి తగ్గ బూట్లు, టోపీ, డబ్బాలో పులిహోర (అక్కడ దొరికే శాండ్‌విచ్‌ని నమ్ముకోకండి). జెట్ మోడల్స్ ఉంటే పిల్లాడి చెవులకి మఫ్. వాటిలో ఉండేది నిజమైన బుల్లి టర్బైనే, కిరసనాయిలుతో నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది, కూత మామూలుగా ఉండదు. పాత సామాన్లు అమ్మే బల్లలుంటాయి, అక్కడ డబ్బు జాగ్రత్త. పిల్లాడికి కాదు, మీ ఆయనకి చెప్తున్నాను. వాడికి చిన్న రబ్బరు విమానం కిట్ ఒకటి కొనివ్వండి, చాలు. ఏ మోడల్ దగ్గరైనా చెయ్యి వెయ్యకుండా "ఇది మీరే చేశారా?" అని అడగమనండి. ఆ ఒక్క ప్రశ్నకి ఆ తాతయ్యలు అరగంట మాట్లాడతారు.

ప్రశ్న: మనవడు ఫోన్‌లో నాలుగో వంతు సైజు టైగర్ మాత్ మోడల్ వీడియో చూపించాడు. అసలు విమానం బరువు 828 కిలోలట, మోడల్ 13 కిలోలేనట. సైజు నాలుగో వంతయితే బరువు కూడా నాలుగో వంతు, అంటే 200 పైచిలుకు ఉండాలి కదా? పైగా అది కాస్త కంగారుగా, ఊగుతూ ఎగురుతోంది. ఎందుకని?
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, కర్నూలు

మాస్టారూ, మీరు మమ్మల్ని పరీక్షిస్తున్నారని తెలుసు, అయినా చెప్తాను. పొడవు నాలుగో వంతు, వెడల్పు నాలుగో వంతు, ఎత్తూ నాలుగో వంతే. నాలుగు ఇంటూ నాలుగు ఇంటూ నాలుగు అరవై నాలుగు. 828ని 64తో భాగిస్తే 13కి కాస్త తక్కువ. మనవడి వీడియోలో మోడల్ చేసినాయన లెక్క తప్పలేదు, మంచి పనివాడు.

అసలు తమాషా ఇక్కడ మొదలవుతుంది. రెక్క వైశాల్యానికి రెండు కొలతలే కాబట్టి అది 16 రెట్లు మాత్రమే తగ్గుతుంది. బరువు 64 రెట్లు తగ్గి రెక్క 16 రెట్లే తగ్గితే, రెక్క మీద ఒక్కో చదరపు మీటరు మోసే భారం నాలుగో వంతుకి పడిపోతుంది. ఎత్తే శక్తి వేగం వర్గాన్ని బట్టి కదా ఉండేది, కాబట్టి సగం వేగంతోనే గాల్లో నిలబడగలదు. అసలుది గంటకు 100 కి.మీ.తో పోతుంటే ఇది 50తో పోతే సరిపోతుంది.

మరి కంగారెందుకు కనిపిస్తుంది? వేగం సగమే తగ్గింది, పొడవు మాత్రం నాలుగో వంతయింది. అసలు టైగర్ మాత్ 7.3 మీటర్లుంటుంది, సెకనుకి తన పొడవుకి నాలుగు రెట్లకన్నా కాస్త తక్కువే దాటుతుంది. మోడల్ అదే సెకనులో తన పొడవుకి ఏడున్నర రెట్లు దాటేస్తుంది. మన కన్ను వేగాన్ని కిలోమీటర్లలో కొలవదు, విమానం పొడవుతోనే కొలుస్తుంది, అందుకే హడావుడి పడుతున్నట్టు ఉంటుంది. ఆ వీడియోని సగం వేగంతో ఆడించి చూడండి, అచ్చం అసలుదానిలా సాఫీగా పోతుంది. ఊగడానికి కారణం ఇంకా తేలిక: మనం మోడల్‌ని కుదించాం గానీ గాలిని కుదించలేదు. గంటకు 20 కి.మీ. గాలి తగిలితే 100తో పోయేదానికి అదో లెక్క కాదు, 50తో పోయేదానికి మాత్రం గట్టి దెబ్బే. మంచి పైలట్లు సాయంత్రం దాకా ఆగి ఎగరేసేది అందుకే.

అన్నట్టు టైగర్ మాత్ మనకి పరాయిదేం కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో పైలట్లకి ఓనమాలు దిద్దించింది ఈ రెండంతస్తుల రెక్కల విమానం మీదే.

ప్రశ్న: మా కాలేజీ టీమ్ డెప్రాన్ (తేలికపాటి ఫోమ్) షీట్‌తో ఒక ప్లేన్ చేశాం. చేత్తో వదలగానే ముక్కు పైకెత్తి, ఎడమవైపు ఒరిగి పడిపోతోంది. ప్రతిసారీ అంతే. వచ్చే నెల మీట్ ఉంది, టెన్షన్‌గా ఉంది.
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

తమ్ముడూ, నువ్వు రాసిన రెండు వాక్యాల్లోనే జబ్బు దొరికింది. ముందు తోక బరువు. రెక్క ముందంచు నుంచి వెడల్పులో పావు వంతు, మహా అయితే మూడో వంతు దగ్గర రెండు పక్కలా వేళ్లు పెట్టి ఎత్తి చూడు. ముక్కు కాస్త కిందికి వాలాలి. తోక వాలిందంటే బ్యాటరీని ముందుకి జరుపు, జరగడానికి చోటు లేకపోతే చోటు చెయ్యి, సీసం ముక్క అంటించడం చివరి మార్గం. రెండోది, ఎడమకి ఒరగడం. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే విమానం రెండో వైపు తిరగబోతుంది, వేగం లేనప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంకా ఎక్కువ. మోటారుని రెండు డిగ్రీలు కుడికీ రెండు డిగ్రీలు కిందికీ వంచి బిగించు. వదిలేవాడు గాలికి ఎదురుగా నిలబడి, తిన్నగా విసరాలి, పైకి కాదు. వదిలాక నువ్వు ఎలివేటర్ (ముక్కు పైకెత్తే తోక పలక) లాగకు, వేగం పుంజుకునేదాకా ఓపిక పట్టు.

ఇంకోటి, ఎగరేసే ముందు వెనక నిలబడి రిమోట్ కర్రని కుడికి తిప్పితే కుడి రెక్క మీది పలక పైకి లేస్తోందో లేదో చూసుకో. ఎడమది లేస్తుంటే అది తిరగబడినట్టు. కొత్త మోడల్స్ మొదటి రోజే నేలకి కొట్టుకునేది చాలాసార్లు దీనివల్లే, నెలల పని మూడు సెకన్లలో అయిపోతుంది. మీట్‌కి వెళ్లినప్పుడు ఎగిరేవాటిని తర్వాత చూడొచ్చు, ముందు అక్కడి సీనియర్లు ఎగరేసేముందు ఏమేం తడిమి చూస్తారో చూడు. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు హాస్టల్ గదిలో చార్జింగ్ పెట్టి క్లాసుకి పోవద్దు, ఇది బతిమాలి చెప్తున్నాను.

ప్రశ్న: ఎయిర్‌షో అనగానే ప్రమాదాలే గుర్తొస్తున్నాయి. దుబాయ్‌లో మన తేజస్ కూలిన వీడియో చూశాక పిల్లల్ని తీసుకెళ్లాలంటే గుండె గుభేలుమంటోంది. నిజంగా అంత ప్రమాదమా?
— గృహిణి, రాజమండ్రి

భయం సహజమే అమ్మా. 2025 నవంబరులో దుబాయ్‌లో పోయింది మన పైలట్, చూసేవాళ్లకి ఏమీ కాలేదు. చూసేవాళ్లకి ఏమీ కాకపోవడం ఊరికే జరగలేదు, దాని వెనక చాలా ప్రాణాల ఖరీదుంది. 1952లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో విమానం గాల్లోనే విరిగి, దాని ముక్కలు జనం మీద పడి 29 మంది పోయారు. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ బృందం విమానాలు ఢీకొని ఒకటి జనంలోకి దూసుకొచ్చింది, ముగ్గురు పైలట్లతో కలిపి 70 మంది. వీటి తర్వాతే జనం వైపు ముక్కుపెట్టి విన్యాసాలు చేయకూడదనీ, జనానికీ విమానానికీ మధ్య ఇంత దూరం ఉండాలనీ నియమాలు గట్టిపడ్డాయి.

మీరు గమనించాల్సింది ఇంకోటుంది. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో హంటర్ జెట్ కూలినప్పుడు 11 మంది పోయారు, వాళ్లు షో జరిగే చోట కాదు, బయట రోడ్డు మీద ఉన్నారు. 2010 మార్చిలో బేగంపేటలో ఏవియేషన్ షో జరుగుతుంటే నౌకాదళం సాగర్ పవన్ బృందంలోని విమానం బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద పడి పైలట్లిద్దరూ చనిపోయారు. అందుచేత "టికెట్ ఎందుకు, బయట ఫ్లైఓవర్ మీద నిలబడి చూసేద్దాం" అనే తెలివి మాత్రం వద్దు. లోపల జనం కోసం కొలిచి వదిలిన దూరం ఉంటుంది, బయట ఉండదు.

నన్నడిగితే పిల్లలతో వెళ్లేవాళ్లు విమానం కంటే ఎండకీ తొక్కిడికీ భయపడాలి. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో వాయుసేన షో చక్కగా జరిగింది, ఒక్క విమానానికి గీత పడలేదు, కానీ ఎండలో, ఆ జనంలో ఐదుగురు చనిపోయారు. నీళ్లు మనిషికి రెండేసి లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గొడుగు, పిల్లాడి జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ. షో అయిపోగానే అందరితో పాటు లేవకండి, గంటసేపు అక్కడే కూర్చుని మెల్లగా బయల్దేరండి. ఆస్తమా, బీపీ ఉన్న పెద్దవాళ్లని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టండి, వాళ్లకి అక్కడే బాగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టినరోజుకి ఒకటిన్నర కిలోల ఫోమ్ విమానం కొన్నాం. ఆదివారం పొద్దున మా కాలనీ గ్రౌండ్‌లో ఎగరేస్తే ఎవరైనా అడుగుతారా?
— అల్వాల్, సికింద్రాబాద్

అడుగుతారండీ, అడగాలి కూడా. మీ ఇంటికి కూతవేటు దూరంలో హకీంపేట వాయుసేన స్టేషన్ ఉంది, ఇటు బేగంపేట. మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాలకి కూడా వర్తిస్తాయి. నాలుగు రెక్కల డ్రోన్‌కి మాత్రమే అనుకుని చాలామంది పొరబడుతున్నారు. ప్రభుత్వం పెట్టిన డిజిటల్ మ్యాప్‌లో ఆకుపచ్చ రంగున్న చోట 400 అడుగుల లోపు ఎగరేయొచ్చు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కి.మీ. మధ్యలో అయితే 200 అడుగులే, ఇంకా దగ్గరైతే ముందస్తు అనుమతి లేకుండా కుదరదు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ చుట్టూ ఈ వలయాలు గీసి చూడండి, జంటనగరాల్లో మిగిలేది ఏమంత ఉండదు. అందుకే ఇక్కడి మోడల్ వాళ్లందరూ ఆదివారం చీకటితోనే లేచి ఊరి బయటికి పోతారు. మీరూ అలాంటి క్లబ్బు ఒకటి చూసుకుని చేరండి, రిజిస్ట్రేషన్ సంగతి కూడా వాళ్లే చెప్తారు, పాపకి నేర్పేవాళ్లూ దొరుకుతారు. గ్రౌండ్‌లో క్రికెట్ ఆడే పిల్లల మధ్య ఒకటిన్నర కిలోల వస్తువు ప్రొపెల్లర్ తిరుగుతూ వచ్చి పడటం ఊహించుకుంటే నియమాలు లేకపోయినా ఎవరూ ఆ పని చేయరు.

పాప హైస్కూలుకి వచ్చాక ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న బడి దొరుకుతుందేమో చూడండి. అందులో ఏరోమోడలింగ్ ఒక అంశం, పోటీలు కూడా ఉంటాయి, ఖర్చు మీ జేబు మీద పడదు.

ప్రశ్న: విశాఖలో ఏటా డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూసేవాళ్లం. ఇప్పుడు ఏమైంది? తెలుగు రాష్ట్రాల్లో ఇంకెక్కడ చూడొచ్చు?
— గాజువాక

ఈమధ్య నేవీ డే ప్రదర్శన ఊళ్లు తిరుగుతోంది. 2023లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్, 2024లో పూరీ. విశాఖకి 2025 జనవరి 4న బీచ్‌లో విడిగా ఒకటి పెట్టారు. కాబట్టి తేదీ కంఠస్థం చేసి కూర్చోకుండా నవంబరు నుంచే లోకల్ పేపర్ చూస్తుండండి. ఆర్‌కే బీచ్‌లోని టీయూ-142 మాత్రం ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా వెళ్లి లోపలికెక్కి చూడొచ్చు, 2017లో రిటైరైన విమానం. హైదరాబాద్‌లో బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన జరుగుతుంది. మొదటి రోజులు వ్యాపారస్తులవి, మామూలు జనానికి చివరి రోజులే. 2024లో ఎయిరిండియా మొదటి ఏ350 విమానాన్ని అక్కడే జనానికి చూపించారు. కొంచెం దూరం పోగలిగితే బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా, అదీ రెండేళ్లకోసారే. వాయుసేన సూర్యకిరణ్ బృందం తొమ్మిది హాక్ విమానాలు రెక్కా రెక్కా ఆనించినంత దగ్గరగా పోతుంటే చూడాలి. ఆ బృందం మకాం మన పక్కనే బీదర్‌లో.

ప్రశ్న: నేను తీసిన ఫొటోల్లో ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు వస్తోంది, విమానం దారానికి వేలాడదీసినట్టుంది. ఏం చేయాలి?
— ఖమ్మం

షట్టర్ స్పీడు తగ్గించండి. ప్రొపెల్లర్ విమానాలకి 1/125 నుంచి 1/250 మధ్య పెట్టి, విమానంతో పాటు కెమెరాని తిప్పుతూ నొక్కాలి. పదింటిలో ఎనిమిది పాడవుతాయి, పరవాలేదు. జెట్‌లకి 1/1000 పైనే. ఫోన్‌తో అయితే ఆకాశంలో చుక్క తప్ప ఏమీ రాదు, నేల మీద ఉన్నప్పుడు దగ్గరగా తీసుకోండి, ఎగిరేటప్పుడు కళ్లతో చూడండి.

ప్రశ్న: నాకు 11 ఏళ్లు. మీట్‌కి వెళ్తే అక్కడి అంకుల్స్ నాకు రిమోట్ ఇస్తారా?
— విజయవాడ

ఇస్తారు, కానీ అడిగే టైము చూసుకోవాలి. విమానం గాల్లో ఉన్నప్పుడు ఎవర్నీ పలకరించకు, దింపి బ్యాటరీ ఊడదీశాక వెళ్లి అడుగు. అప్పుడైనా ప్రొపెల్లర్‌కి ఎదురుగా, పక్కన నిలబడకు, రెక్క వెనకాలే ఉండు. "బడ్డీ బాక్స్ ఉందా అంకుల్?" అని అడిగావంటే వీడికి విషయం తెలుసురా అనుకుంటారు. అంటే రెండు రిమోట్లు కలిపి పెడతారు, ఆయన స్విచ్ పట్టుకున్నంతసేపే నీ రిమోట్ పనిచేస్తుంది, నువ్వు కంగారుపడితే ఆయన స్విచ్ వదిలేస్తాడు, విమానం మళ్లీ ఆయన చేతికి పోతుంది. కాబట్టి నీవల్ల పడిపోతుందన్న భయం పెద్దగా అక్కర్లేదు. కర్రల్ని బొటనవేళ్లతో కొంచెం కొంచెంగా కదుపు, వీడియో గేములో లాగినట్టు లాగకు. విమానం నీవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది, అప్పుడు ఏ రెక్క కిందికి వాలితే కర్రని ఆ రెక్క వైపు తొయ్యి, దానంతటదే సర్దుకుంటుంది. మన దగ్గర చాలామంది రిమోట్లలో ఎడమ చేతి కర్ర ఇంజన్‌ది, ఆయన చెప్పేదాకా దాన్ని ముట్టుకోకు.